సుట్లా అన్న గొంతు

ఫిబ్రవరి పదకొండు, ఆదివారం. ఆ పొద్దున సర్వపిండి చేసుకున్నాను. గిన్నె అడుగున మాడింది గాని పైన పల్లీలు, నువ్వులు బాగానే వేగాయి. మాడిన మేరకు గీకేసి మిగిలింది పెరుగుతో తిన్నాను. ఒంటరివాడి వంట సగం కుదిరినా ఆ రోజుకు దయ దక్కినట్టే. చెయ్యి కడుక్కుంటుండగా అనసూర్య ఫోన్ చేసింది.

అనసూర్యకు కరీంనగర్ బయట ఒక పాత గ్రానైట్ క్వారీ ఉంది. రాయి తీయడం ఆగిపోయాక ఆ గుంత చుట్టూ నేల చదును చేయించి, రాతిపొడి పరిపించి, ఏడాదికోసారి చిన్నకార్ల రేసులు పెడుతుంది.

"విఠల్ సార్, పొద్దుగాల రేసుల ఒక కారు టైర్ల కుప్పకు గుద్దుకున్నది. పోరడు బతికిండు. కానీ..."

"బతికినాక 'కానీ' ఎందుకమ్మా?"

"రేపు పదింటికి కమిటీ కూసుంటది. వాడే కావాల్నని గుద్దిండని, వాణ్ని జన్మల మళ్ల రేసుకు రానియ్యద్దంటున్నరు. పోలీసు కేసు గూడ పెట్టాల్నట. నాకెందుకో మనసొప్పుతలే. జర చూడుండ్రి."

ఆమె చెప్పింది ఇది. ఒకే జట్టు, రెండు కార్లు. ఒకదాంట్లో జట్టు యజమాని కుమార్. రెండోదాంట్లో అతని భార్య తమ్ముడు సాగర్, ఇచ్చోడ వాడు. డ్రైవింగ్ నేర్పింది కూడా కుమారే. ఇద్దరిలో ముందు వచ్చినవాడికి చెన్నైలో జరిగే పెద్ద పోటీలో ఒకే ఒక్క సీటు. ఈ ఏడు దాటితే కుమార్‌కు ఆ పోటీ వయసు మీరిపోతుంది.

కార్లు గీత మీద నిలబడ్డాక ఐదు ఎర్రదీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. ఐదూ ఒక్కసారిగా ఆరినప్పుడే కదలాలి. అంతకు ముందు చక్రం జరిగితే ఫాల్స్ స్టార్ట్. శిక్ష ఏమిటంటే, మూడు రౌండ్లు పూర్తయ్యేలోగా ట్రాక్ పక్కనున్న పెనాల్టీ లేన్‌లోకి వచ్చి, అక్కడ గీసిన గడిలో పది సెకన్లు ఆగాలి. ఆ పది సెకన్లూ కారును ఎవరూ ముట్టుకోకూడదు.

సాగర్ మూడో దీపం వెలగగానే దూకాడు. మొదటి రౌండు చివరే పెనాల్టీ లేన్‌లోకి వచ్చాడు. గళ్లో ఆగలేదు. నెమ్మదిగా వెళ్లి లేన్ చివరనున్న టైర్ల కుప్పకు గుద్దుకున్నాడు. చూస్తే ముందు చక్రం దగ్గర బ్రేకు గొట్టం బిగింపు వదులై, నూనె కారిపోయి ఉంది.

*

ఆస్పత్రిలో సాగర్‌కు మణికట్టు బెణికింది తప్ప పెద్ద దెబ్బ లేదు. తలకు తగిలిందేమోనని రాత్రికి ఉంచుకున్నారు. నేను వెళ్లేసరికి అతని అక్క, కుమార్ భార్య జమున బయట బల్ల మీద కూర్చుని, నాలుగేళ్ల కూతురికి అరటిపండు ఒలిచి పెడుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది. నేను లోపలికి వెళ్లాను.

"ఎవలు పంపిన్రు సార్?" అన్నాడు సాగర్.

"అనసూర్యమ్మ."

"చెప్పేదేం లేదు. ముందు దూకిన. తప్పు నాదే. రాసుకోండ్రి."

"రాసుకోవడానికి కాగితం తేలేదు. ఇదివరకు ఎన్నిసార్లు ముందు దూకినవు?"

"ఒక్కసారి గూడ లే."

"మరి ఇయ్యాల? మూడు దీపాలే వెలిగినయి. చూస్తూనే ఉన్నవు గదా."

"చూస్తనే ఉన్న సార్. కండ్లు చూస్తనే ఉన్నయి. కాలు ఇన్నది."

నలభై ఏళ్లుగా ప్రైవేటు పరిశోధకుడిగా మనుషులను ప్రశ్నలడుగుతున్నాను. ఇలాంటి జవాబు ఎవరూ ఇవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

"కాలు ఏం విన్నది నాయినా?"

అతను గోడవైపు తిరిగాడు. "మీరు నవ్వుతరు."

"నవ్వను."

"బాపు పిలిచిండు. సచ్చిపోయిన మా బాపు. హెల్మెట్ల, చెవుల. 'సుట్లా!' అన్నడు. గంతే. తెల్వకుంటనే కాలు క్లచ్చి ఇడిసింది."

"సుట్లా అంటే?"

"మా దిక్కు ఎడ్ల పందేలల్ల గా మాట అంటేనే ఎడ్లు కదుల్తయి. మా బాపు గొంతుకు ఏ ఎద్దన్న ఉరికేది. చిన్నప్పుడు బండి మీద నేను ముందట కూసునేటోణ్ని. గా మాట ఇంటే నాకు గూడ ఆగరాదు సార్."

ఆ మాట నాకు తెలుసు. మా ఆవిడ బాలలక్ష్మి పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు. మరాఠీలో బయలుదేరితే సుట్లా, తప్పించుకుంటే సుట్లా; ఆడమనిషైతే సుట్లీ. చాలాకాలం మంచాన పడి ఆమె కన్నుమూసిన రోజు మా బావమరిది తల దగ్గర నిలబడి, "సుట్లీ" అని మెల్లగా అన్నాడు. విముక్తి పొందిందని. ఆ ఒక్క మాటతోనే ఆ రోజు నాకు కాస్త ఊపిరాడింది.

"కమిటీకి ఈ సంగతి చెప్పినవా?"

"సచ్చిపోయిన బాపు ఫాల్స్ స్టార్ట్ చేయించిండని చెప్పాల్నా? రేసుల సంగతేమో గాని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి తోలుతరు."

అతనే నవ్వాడు. నేనూ నవ్వకుండా ఉండలేకపోయాను.

"మూడు రౌండ్లు గడువుంది గదా. మొదటి రౌండుకే శిక్షకు ఎందుకొచ్చినవు?"

"ఎడ్లు ముందు దూకుతే మా బాపు అప్పటికప్పుడే ఎనుకకు మలుపుకొని అచ్చేటోడు. తప్పు నెత్తిన పెట్టుకొని ఉరికి గెలిస్తే గది గెలుపు కాదనేటోడు. నాకు గదే అలవాటు."

"బ్రేకు?"

"మొదటి రౌండుల జర మెత్తగనిపించింది. పెనాల్టీ లేన్ల తొక్కిన. పెడల్ నేలకు తాకింది. ఆగలే."

*

క్వారీ దగ్గర ట్రాక్ మొదటిగీత నుంచి నడిచాను. గీత దాటగానే పొడుగాటి తిన్నని దారి. దాని కొసన రాతిగుంత. గుంత అంచున ట్రాక్ ఒక్కసారిగా ఎడమకు తిరుగుతుంది. అంచుకు అడ్డంగా ఒకే వరస టైర్లు. కింద, తాటిచెట్టు ఎత్తుకు మించిన లోతున పచ్చటి నీళ్లు. చిన్న రాయి వేస్తే చప్పుడు వినబడడానికి కాసేపు పట్టింది.

పెనాల్టీ లేన్ ఈ తిన్నని దారికి ముందే పక్కకు చీలుతుంది. అక్కడ నిలబడి రెండుసార్లు చూశాను. మొదటి రౌండులో కార్లు నిలుచున్న చోటు నుంచి బయలుదేరాయి గనుక మలుపు దగ్గర ఇంకా వేగం అందుకోలేదు, బ్రేకులో ఇంకా నూనె ఉంది. రెండో రౌండులో సాగర్ పూర్తి వేగంతో ఈ దారిలోకి వచ్చేవాడు. తొక్కితే పెడల్ నేలకు తాకేది. శిక్ష పడింది కాబట్టి, ఆ శిక్షకు మొదటి రౌండుకే వచ్చాడు కాబట్టి బతికాడు. చేతులు జోడించానో లేదో గుర్తులేదు.

"పెద్దసార్! ఆడ దండం పెట్టుకునేటందుకు గుడి లేదు."

రాకేశ్. ఒకప్పుడు నా దగ్గర రెండేళ్లు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ల తరఫు పరిశోధకుడు. చురుకైనవాడే. తీర్పు ముందు రాసి సాక్ష్యం తర్వాత వెతుక్కోవడం ఒక్కటే అతని లోపం.

"గుట్టలెక్కే వయసా మీది? నా రిపోర్టు అయిపోయింది. ఇంటికి పోయి చాయ్ తాగుండ్రి."

"నీ రిపోర్టులో ఏముంది?"

"పోరడు ఆగలేక ముందు దూకిండు. శిక్ష పడ్డది. ఇగ ఓడిపోయినమని తెలిసింది. లేన్ల ఆగి బిగింపు వదులు చేసిండు, ఎవరో బ్రేకు తీసిన్రని నాటకం ఆడిండు. రేసు రద్దయితే మళ్ల పెడుతరు గద."

"కారు గళ్లో ఆగనే లేదు. టైర్లకు తగిలినాక పదిమంది చుట్టూ చేరిన్రు. సాగర్ బెణికిన చెయ్యి పట్టుకొని ఉన్నడు. బిగింపు ఎప్పుడు తిప్పినట్టు?"

"మెకానిక్ తిప్పిండు కావచ్చు."

"రా, ఒకటి చూపిస్త."

కార్లు నిలబడే గళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ప్రతి గడికీ ముందు తెల్లరంగు గీత ఉంది. నాలుగోది సాగర్ గడి. ఆ గీత కుడి కొసన రంగు ఉబ్బి, మీగడలా ముడతలు పడింది. వేలితో గీరితే ఊడి వచ్చింది. మిగతా గళ్ల గీతలన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"బ్రేకు నూనె రంగును తినేస్తది, రాకేశ్. దీపాలు వెలుగుతుంటే డ్రైవర్ బ్రేకు తొక్కి పట్టుకుంటడు. అప్పుడే ఇక్కడ కారింది. దూకక ముందే, శిక్ష పడక ముందే బిగింపు వదులుగా ఉన్నది."

అతను వంగి చూశాడు. ఒక్క క్షణం నా దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడి ముఖం కనబడింది. వెంటనే మాయమైంది.

"అయితే ఇంకా అల్కగైపాయె. మెకానిక్ బిగియ్యలే. నిర్లక్ష్యం. వాని మీద కేసు, పోరని మీద నిషేధం. నాకు రెండు మాటలు మార్చుకునుడే."

మెకానిక్ హరీష్ అక్కడే, ఖాళీ టెంటు కింద పానాలు డబ్బాలో వేస్తున్నాడు. ఆ మాట విని లేచి వచ్చాడు. కండ్లు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

"మా అవ్వ తోడు సార్, నిన్న నేనే బిగిచ్చిన. బిగిచ్చి, ఎవలన్న తిప్పితే తెలిసేటట్టు గీత గూడ గీసిన. గా గీత జరిగి ఉన్నది. ఎవడో తిప్పిండు!"

"ఎవడో, ఎవడో!" రాకేశ్ వెక్కిరించాడు. "గా ఎవడోకు పేరు లేదా?"

నేను హరీష్‌ను పక్కకు తీసుకెళ్లి అడిగాను. "రేసు మొదలయ్యేటప్పుడు నీ చెవిలో రేడియో ఉన్నదా?"

"ఉన్నది సార్."

"దీపాలు వెలుగుతుంటే ఏమన్నా వినబడ్డదా?"

అతను నెత్తి గోక్కున్నాడు. "ఎవరో ముసలాయన 'సుట్లా' అన్నడు. పక్కోళ్ల సెట్లు అప్పుడప్పుడు కలుస్తయి సార్, పట్టించుకోలే. గదేం భాషనో గూడ నాకు తెల్వది."

సాగర్ విన్నది భ్రమ కాదు. మనిషి గొంతే.

"మీ జట్టు రేడియోలు ఎవరెవరి దగ్గర ఉన్నయి?"

"ఒకటి నాతోని. సాగరన్న హెల్మెట్ల ఒకటి, కుమారన్న హెల్మెట్ల ఒకటి. అందరికి ఒకటే చానల్. ఇంకో సెట్టు టెంటుల పెట్టినం."

"టెంటులో ఎవరున్నరు?"

"జమునక్క, పాప. ఇంకెవ్వలు లేరు. కానీ సార్, గది మొగ గొంతు."

వెనక రాకేశ్ నవ్వు వినబడింది. మా మాటలన్నీ విన్నాడు. "సుట్లా, గిట్లా! పెద్దసార్ ఇప్పుడు మాటల ఎంక పడ్డరు. ఉండుండ్రి, కుమారన్నకు ఫోన్ చేసి అడుగుత, గీ ముసలాయన ఎవలో." అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"రాకేశ్, వద్దు!"

ఆలస్యమైపోయింది. అవతల కుమార్ ఎత్తాడు. రాకేశ్ నవ్వుతూనే ఆ మాట చెప్పాడు, టెంటులో సెట్టు ఉన్న సంగతీ చెప్పాడు. వెంటనే అవతల లైన్ కట్టయింది. రాకేశ్ ఫోన్ వైపు చూసుకున్నాడు. నవ్వు సగంలో ఆగింది.

*

నేను ఆస్పత్రికి వచ్చేసరికి పొద్దు గుంకుతోంది. జమున అదే బల్ల మీద ఉంది. కూతురు హర్షిణి లోపల, సాగర్ పక్క మంచం మీద పడుకుందట. నేను బల్ల ఆ కొసన కూర్చున్నాను.

"అమ్మా, మీ తమ్ముడికి చెవిలో మీ బాపు గొంతు వినబడ్డదట. అది చెబితే నవ్వుతరని కమిటీకి చెప్పలేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"హరీష్ మీద కేసు పెడుతున్నరు. నిన్న బిగించినోడు, వాడికేం తెలియదు. నేను మిమ్మల్ని ఏమీ అడగను. చెప్పాలనిపిస్తే వింట."

నర్సు ఒకామె మందుల బండి తోసుకుంటూ పోయింది. ఆ చప్పుడు దూరమయ్యాక జమున మొదలుపెట్టింది.

"పొద్దుగాల తెల్లారకముందే ఆయన సాగర్ కారు కింద నుంచి లేసిండు. 'ఏం చేస్తున్నవ్' అంటే 'అన్నీ బిగుతుగున్నయా చూస్తున్న' అన్నడు. నేనేమనుకుంట? తమ్ముని మీద ప్రేమనే అనుకున్న."

"తర్వాత?"

"ఆయన కార్ల ఎక్కేటప్పుడు నన్ను పిలిచిండు. 'ఇయ్యాల గుంత మలుపు కాడ కూసోకు. పాపను తీస్కొని టెంటులనే ఉండు' అన్నడు. ఏండ్ల సంది నేను ఆడనే కూసుంట సార్. ఎన్నడు ఒద్దనలే. టెంటుల కూసున్న. మొదటి దీపం ఎలిగింది. అప్పుడు సమజైంది."

సాగర్ గుంతలో పడడం భార్యాబిడ్డలు చూడకూడదనుకున్న ఆ కాస్త జాలే కుమార్‌ను పట్టిచ్చింది. మనిషి లోపల ఏం మిగిలి ఉంటుందో, ఎక్కడ బయటపడుతుందో, నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

"బ్రేకు సంగతి రేడియోలో చెప్పొచ్చు గదమ్మా."

"ఆయన చెవుల గూడ పడుతది. నా గొంతు ఇంటే ఊకుంటడా? తమ్మునికి తెల్వాలె, ఆయనకు తెల్వద్దు. ఆయనది కరీంనగర్. గా మాట ఎరుకలే. ముందు దూకుతే శిక్ష పడుతది, శిక్ష పడుతే సాగర్ అప్పుడే మలుపుకొని అస్తడు. మా బాపు బిడ్డలం గద, మాకు గది ఒక్కటే తెలుసు. గింత ఆలోచన చేసిన్నో లేదో గూడ తెల్వది సార్. నోరే అన్నది."

"హరీష్ ముసలాయన గొంతన్నడు."

"చిన్నప్పుడు బాపుకు గొంతు పోతే నేనే అనేదాన్ని. బండెనుక దాసుకొని. ఎడ్లు గూడ గుర్తు పట్టకపోయేటివి."

ఆమె నా వైపు తిరిగి, దూరంగా ఉన్నవాళ్లకు వినబడనంత నెమ్మదిగా, "సుట్లా" అంది.

సన్నటి ఆ మనిషిలోంచి ఒక రైతు గొంతు వచ్చింది. బరువైనది, బీడీ గరుకు ఉన్నది, ప్రేమ ఉన్నది. లోపల మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు. సాగర్ కట్టుకట్టిన చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అటూ ఇటూ చూసి అక్క ముఖం మీద ఆగిపోయాడు.

"అక్కా... నువ్వా?"

జమున తల ఊపింది. అతను గుమ్మం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

"బ్రేకు తిప్పింది బావనే గద. బావ మీద చెప్పకక్కా," అన్నాడు చివరికి. "నాకు రేసులు లేకున్న నడుస్తది. నీ సంసారం..."

"నువ్వు లోపటికి పో. పండుకో."

అతను వెళ్లాక నేను అన్నాను. "రేపు కమిటీ ముందు మీరు చెబితేనే నిలబడుతుందమ్మా. నా దగ్గర ఉన్నది ఊడిన రంగు, ఒక మాట. అవి చాలవు. మీరు చెప్పనంటే నేను మీ పేరు ఎత్తను. సాగర్ రేసులు పోతయి, హరీష్ మీద కేసు పడుతది. అది మీకు తెలియాలని చెబుతున్న."

ఆమె లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి, లోపల నిద్రపోతున్న కూతురి వైపు చూస్తూ నిలబడింది.

అప్పుడే వరండా చివర కుమార్ కనబడ్డాడు. ఇంకా రేసు బట్టల్లోనే ఉన్నాడు. మెల్లగా నడిచి వచ్చాడు. కోపం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"నమస్తే సార్. మీరే గద విఠల్ సార్?" భార్య వైపు తిరిగాడు. "ఇచ్చోడకు ఫోన్ చేసిన జమునా. మీ నానమ్మతోని మాట్లాడిన. గంగుబాయమ్మ మస్తు సంబురపడ్డది, అల్లుడు ఇన్నొద్దులకు యాది చేసిండని. సుట్లా అంటే ఏందని అడిగిన."

జమున గుమ్మానికి అడ్డంగా జరిగింది.

"మా కొడుకు ఎడ్లను గట్లనే తోలేటోడు అన్నది. మా జమున అచ్చం వాని లెక్కనే అంటదన్నది." గొంతు సవరించుకున్నాడు. "పెండ్లయి ఆరేండ్లాయె. నాకెన్నడు ఇనిపియ్యలే గదనే."

నేను లేచి వాళ్లిద్దరి మధ్య నిలబడ్డాను. నా వయసుకు అంతకంటే చేయగలిగింది లేదు. జేబులో ఫోన్ మీద వేలు అనసూర్య పేరు వెతుకుతోంది.

"పాపను ఎత్తుకొని రా, ఇంటికి పోదాం," అన్నాడు కుమార్. "ఇంటి సంగతి ఇంట్లనే మాట్లాడుకుందం. గీ పెద్దమనుషులకెందుకు?"

"పాప పండుకున్నది."

"నేను ఎత్తుకుంట. జరుగు."

ఒక అడుగు వేశాడు. జమున చెయ్యి తలుపు మీదికి వెళ్లింది.

"గుంత మలుపు కాడ కూసోవద్దని చెప్పినవు గద. మంచిగ చెప్పినవు. నువ్వు గామాట చెప్పకుంటే నాకు తెలుస్తుండెనా?"

కుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రేపు పదింటికి క్వారీ కాడికి అస్త. ఏమన్న ఉంటే ఆడ మాట్లాడుదం."

ఆమె లోపలికి జరిగి, నిద్రపోతున్న పాప లేవకుండా, తలుపు మెల్లగా మూసింది. లోపల గడియ పడింది.